జాంబెజీ లోయలో మూడు ఉదయాలు

పిట్టలు చూపించే పనిలోకి వస్తామని నా దగ్గరికొచ్చే పిల్లలు మొదట అడిగేది ఏ బైనాక్యులర్ కొనాలని. తర్వాత ఇంగ్లీషు ఎంత రావాలని. రెండూ అవసరమే కానీ రెండూ బజారులో దొరుకుతాయి. దొరకనివాటి గురించి ఎవరూ అడగరు కాబట్టి నేనే రాస్తున్నాను. నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాదు. నిర్మల్ దగ్గరి పల్లె నుంచి దుబాయ్‌కి సెంట్రింగ్ పనికి వెళ్లినవాణ్ణి. అయినా 2002 నుంచి 2008 దాకా అక్కడ పిట్టల కోసం తిరిగేవాళ్లలో గంగారాం బండి ఎక్కితే వట్టి చేతులతో రారు అనే పేరు తెచ్చుకున్నాను. గొప్పలు చెప్పుకుంటున్నాడని మీరు అనుకున్నా నాకేం బాధ లేదు. ఆ పేరు నాకు ఊరికే రాలేదు.

ఆ ఆరేళ్లలో తిరిగిన చోట్లన్నీ చెప్పి విసిగించను. వానాకాలంలో ఆఫ్రికా ఖండం దక్షిణాన చేసిన ఒక్క ప్రయాణం గురించి చెబుతాను. నేను చేసిన అతి పెద్ద తప్పు, నేను అన్నిటికంటే ఎక్కువ గర్వపడే పని, రెండూ ఆ ఒక్క వారంలోనే జరిగాయి.

చెవి ముందు, కన్ను తర్వాత

సెంట్రింగ్ పని మానేశాక అబూదాబీ పక్కన ముసఫ్ఫాలో కంపెనీ బస్సు నడిపాను. అక్కణ్ణుంచి మళ్లీ దుబాయ్ వెళ్లి, టూరిస్టుల్ని ఇసుక దిబ్బల మీద ఎక్కించి దించే జీపులు నడిపాను. అప్పుడే మేథ్యూ సార్ కంటపడ్డాను. ఆయన మలయాళీ. దుబాయ్‌లో డేరా అనే పేటలో, అబ్రా పడవలు ఆగే రేవుకి దగ్గర్లో, మసాలా దినుసుల కొట్టు మీద రెండు గదుల ట్రావెల్ ఆఫీసు ఆయనది. శుక్రవారాలు టీచర్లనీ ఇంజనీర్లనీ నర్సుల్నీ పశుగ్రాసం పొలాలకీ మురుగునీటి చెరువులకీ తీసుకెళ్లి పిట్టలు చూపించేవారు. ఎడారి దేశంలో నీళ్లూ పచ్చదనం ఉన్న చోట ప్రపంచంలోని పిట్టలన్నీ దిగుతాయి, ఆ నీళ్లు ఏ నీళ్లని అవి అడగవు.

ఆయన నన్ను డ్రైవరుగానే పెట్టుకున్నారు. మొదటి ఆరు నెలలు బైనాక్యులర్ ముట్టుకోనివ్వలేదు. “పహ్లే కాన్, ఫిర్ ఆంఖ్” అనేవారు. ముందు చెవి, తర్వాతే కన్ను. ఇంజన్ ఆపి కళ్లు మూసుకుని కూర్చుని, కూత ఎటునుంచి వస్తుందో వేలితో చూపించాలి. తప్పితే అతిథుల ముందే గాడిద అని తిట్టేవారు. బైనాక్యులర్ అరిగిపోతుందని పిసినారితనం చేస్తున్నాడనుకుని నేను లోలోపల తిట్టుకునేవాణ్ణి. కళ్లతో వెతికేవాడికి కొమ్మ మీదున్న పిట్టే దొరుకుతుంది, చెవులతో వెతికేవాడికి పొదలో ఉన్నది కూడా దొరుకుతుంది అని అర్థమవడానికి నాకు రెండేళ్లు పట్టింది.

మేథ్యూ సార్ మంచి యజమాని అని నేను చెప్పను. నోరు మంచిది కాదు, సెలవు అడిగితే మొహం ముడుచుకునేవారు. కానీ తెలియని పిట్టని తెలియదనేవారు, ఎంత పెద్ద మనిషి పక్కనున్నా సరే. ఒకసారి నేను అతిథిని సంతోషపెడదామని దూరంగా ఎగిరే ఒక గద్దకి ధైర్యంగా పేరు పెట్టేశాను. ఆ అతిథికి గద్దల గురించి నాకంటే బాగా తెలుసు. ఆ తర్వాత రెండు వారాలు నాకు బండి కడగడమే పని అయ్యింది. మీకు ఇలాంటి యజమాని దొరికితే వదలకండి. మెత్తగా మాట్లాడుతూ అన్నింటికీ తల ఊపేవాడి దగ్గర ఈ పని రాదు.

సిస్టర్ సుగుణ

2004 నుంచి చలికాలం వస్తే మేథ్యూ సార్ నన్ను చిన్న గుంపులతో ఆఫ్రికా పంపేవారు. మనకి చలికాలమైతే అక్కడ వానాకాలం. సింహాల్ని చూసేవాళ్లు వానకి భయపడి రారు. పిట్టల వాళ్లకి అదే పండగ. మొదటి వాన పడగానే భూమిలోంచి ఉసిళ్లు లేస్తాయి, వాటిని తినడానికి ఆకాశమంతా రెక్కలే. మన పాలపిట్ట జాతివీ, ఎండాకాలంలో ఎమిరేట్స్ పొలాల్లో గూళ్లు పెట్టుకున్న, తేనెటీగల్ని తినే పచ్చని పిట్టలూ అక్కడికే వచ్చి ఉంటాయి. తెలిసిన మొహాలు పరాయి ఊళ్లో ఎదురుపడినట్టుండేది నాకు.

2006 చివర్లో జాంబియాకి తీసుకెళ్లిన గుంపులో ఐదుగురు. నలుగురు ఇంగ్లీషువాళ్లు, ఐదో ఆవిడ సిస్టర్ సుగుణ. అమలాపురం దగ్గరి ఊరు ఆవిడది, అబూదాబీలో పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు అయిపోయి, జనవరిలో వీసా ముగించుకుని ఇంటికి వెళ్లిపోతున్నారు. వెళ్లగానే మోకాలి ఆపరేషన్. డాక్టర్లు ఇక అడవులూ గుట్టలూ వద్దని చెప్పేశారు. ఇలాంటి ప్రయాణం ఆవిడకి అదే మొదటిది, అదే ఆఖరిది.

విమానంలో నా పక్క సీటే ఆవిడది. “నీకు పొన్నంకి పిట్ట తెలుసా గంగారాం?” అని అడిగారు.

“పేరు విన్న సిస్టర్. సూడలేదు” అన్నాను.

“మా నాన్న చర్చిలో వాచ్‌మన్. నాకు ఎనిమిదేళ్లప్పుడు తొలకరిలో ఒకటి చర్చి గోడకి కొట్టుకుని పడిపోయింది. ఎన్ని రంగులనుకున్నావు? నాన్న తెచ్చి నా చేతిలో పెట్టాడు. పావుగంట ఉంది. నా చేతిలోనే పోయింది.” ఆవిడ అరచెయ్యి తెరిచి చూసుకున్నారు. “తర్వాత ఎంతమంది నా చేతుల్లో పోయారో లెక్కలేదనుకో. అది మాత్రం పోలేదు, ఇక్కడే ఉంది. దాని జాతిది జాంబెజీ లోయలో ఉందని పుస్తకంలో చదివాను. ఒక్కసారి బతికున్నదాన్ని చూడాలి.”

ఆ జాతికి ప్రపంచమంతా వాడే పేరు పిట్టా. మన తెలుగు మాటే అక్కడిదాకా వెళ్లిందని మేథ్యూ సార్ చెబితే నాకు రొమ్ము విరుచుకోవాలనిపించింది. కానీ దాన్ని చూపించడం అంత తేలిక కాదు. ఏడాదంతా ముళ్లపొదల అడుగున నోరు మూసుకుని ఉంటుంది. మొదటి వానలప్పుడు మాత్రం కొన్ని వారాలు, తెల్లవారాక ఓ రెండు గంటలు, జోడు కోసం కొమ్మ మీదకెక్కి కూస్తుంది. మా కార్యక్రమంలో ఆ లోయకి మూడు ఉదయాలున్నాయి. నేనూ అప్పటివరకు దాన్ని చూడలేదు.

రేగడిలో దిగిన బండి

అక్కడ మాకు దారి చూపించేవాడు బాండా. నా వయసువాడే, నదికి దగ్గరి పల్లెలో పుట్టినవాడు. జీపు నేను నడుపుతున్నాను, అతను నా పక్కన, సిస్టర్ అతని వెనక సీట్లో.

మొదటి రోజు తెల్లవారే సరికి వాన వెలిసింది. దారి రెండుగా చీలిన చోట బాండా చెయ్యెత్తి, నెమ్మదిగా ఇంగ్లీషులో “ఇటు వద్దు. రాతి దారిలో చుట్టి వెళ్దాం. గంట ఎక్కువ పడుతుంది” అన్నాడు. నాకు గంట అంటే సిస్టర్ ఉదయంలో సగం. “వాన పడింది కదా, నేల గట్టిపడి ఉంటుంది” అని తిన్నగా పోనిచ్చాను. అతను నా వైపు వింతగా చూశాడు.

ఇసుకలో బండి నడిపేవాళ్లందరికీ తెలిసిన సంగతి ఇది. వాన పడితే ఇసుక గట్టిపడుతుంది, బండి రోడ్డు మీద పోయినట్టు పోతుంది. ఎడారి డ్రైవర్లకి వాన అంటే పండగే. నేను ఆ లెక్కలోనే ఉన్నాను. ఎదురుగా ఉన్నది నల్లరేగడి అని నా కళ్లు చూశాయి, బుర్రకి చెప్పలేదు. నేను పుట్టింది రేగడిలో. వాన పడ్డ రేగడిలో నడిస్తే చెప్పులకి అంగుళం అంగుళం మట్టి పేరుకుని కాలు ఎత్తలేమని నాకు నాలుగేళ్లప్పుడే తెలుసు. పదేళ్ల ఇసుక ఆ బుద్ధిని కప్పేసింది. రెండు వందల గజాలు పోయామో లేదో జీపు నాలుగు చక్రాలూ ఇరుసు దాకా దిగిపోయాయి.

దిగి చూశాం. ఇంగ్లీషువాళ్లలో ఒక పొడుగాయన, పాత ఇంజనీరు, “ఈ దారి ఎవరు చెప్పారు?” అని అడిగాడు.

“లోకల్ గైడ్” అన్నాను.

ఇప్పటికీ ఆ రెండు మాటలు తలుచుకుంటే నాకు సిగ్గు వేస్తుంది. బాండా వినీ విననట్టు పారకోసం బండి వెనక్కి నడిచాడు. సిస్టర్ నా దగ్గరికొచ్చి, మిగతావాళ్లకి అర్థం కాకుండా తెలుగులోనే, గొంతు పెంచకుండా చెప్పారు.

“అతను వద్దన్నది నేను విన్నాను గంగారాం.”

నేను తల దించుకున్నాను.

“వార్డులో తప్పు మందు ఇస్తే ఆ నిమిషమే చెప్పాలి. అప్పుడు చెబితే అది పొరపాటే. దాచిపెట్టి ఇంకొకళ్ల పేరు రాస్తే దానికి వేరే పేరుంది. వెళ్లు, వెళ్లి చెప్పు.”

ఆవిడ ఉదయం, ఆవిడ పిట్ట నా వల్ల పోయాయి. దాని గురించి ఒక్క మాట అనలేదు. నేను అందరి ముందుకీ వెళ్లి, వచ్చీరాని ఇంగ్లీషులో, బాండా వద్దన్నాడు, నేనే వినలేదు, అబద్ధం చెప్పాను, క్షమించండి అన్నాను. పొడుగాయన ఏదో గొణిగాడు. బాండా నా మొహంకేసి ఓ క్షణం చూసి, పార నా చేతికిచ్చి తాను గొడ్డలి తీసుకున్నాడు.

అప్పుడు నా కాళ్లకి ఊరు గుర్తొచ్చింది. ఎడ్లబండి రేగడిలో దిగితే నాన్న ముందుకి లాగించేవాడు కాదు. చక్రాల వెనక తవ్వి, పత్తికట్టె పరిచి, వచ్చిన దారినే వెనక్కి తీసేవాడు. అక్కడ పత్తికట్టె లేదు, విరిగిపడ్డ కొమ్మలున్నాయి. బాండా నరికాడు, ఇంగ్లీషువాళ్లు మోశారు, సిస్టర్ కూడా కుంటుకుంటూ మోశారు. నేను తవ్వాను. బండి బయటపడేసరికి సూర్యుడు నడినెత్తికి వచ్చాడు, పిట్ట కూసే వేళ ఎప్పుడో దాటిపోయింది.

ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. కొత్త చోటికి వెళ్లినప్పుడు మీకు బాగా వచ్చిన పనే మిమ్మల్ని ముంచుతుంది. అక్కడి మనిషి చెయ్యెత్తితే బ్రేకు వెయ్యండి, కారణం తర్వాత అడగొచ్చు.

బాండా పొద

ఆ సాయంత్రం బస దగ్గర ఉసిళ్లు లేచాయి. బాండా వాటిని పట్టి, రెక్కలు దులిపి, ఉప్పేసి వేయించి ఒక గిన్నెలో పెట్టాడు. ఇంగ్లీషువాళ్లు మర్యాదగా వద్దన్నారు. నేను గుప్పెడు తీసుకుని నోట్లో వేసుకుని ఇంకో గుప్పెడు తీసుకున్నాను. మా ఊళ్లో కూడా తింటాం, బెల్లం కలిపి ఉండలు చేస్తాం అని చెబితే బాండా మొదట నమ్మలేదు. సిస్టర్ కూడా ఓ నాలుగు తిని, “మావైపు కారం వేస్తారు” అన్నారు. బాండా అప్పుడు నవ్వాడు. పొద్దుటి నుంచి అతను నవ్వడం అదే మొదలు.

రెండో రోజు రాతి దారిలోనే వెళ్లాం. ఎప్పుడూ అందరూ వెళ్లే గుబురు దగ్గర ఒక పిట్ట కూసింది. వరసగా ముళ్లకంపలోకి దూరాం. ముందున్న నలుగురూ చూశారు. సిస్టర్ మోకాలి నొప్పితో, నా చెయ్యి పట్టుకుని అక్కడికి చేరేసరికి అది కిందకి దూకేసి ఆకుల్లో కలిసిపోయింది. గంటసేపు నిలబడ్డాం, మళ్లీ కూయలేదు. నలుగురూ ఆవిడ ముందు సంతోషపడడానికి ఇబ్బందిపడ్డారు. “మీరు చూశారుగా, సంతోషం” అని ఆవిడే వాళ్లకి చెప్పారు. బండి ఎక్కాక కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

ఆ రోజు మధ్యాహ్నం పొడుగాయన నన్ను పక్కకి పిలిచాడు. అతని దగ్గర చిన్న రికార్డరుంది, అందులో ఆ పిట్ట కూత. “పాపం, ఆవిడ కోసం” అని నా చేతిలో పెట్టాడు. అది వినిపిస్తే పిట్ట ఇంకో మగది తన చోటికి వచ్చిందనుకుని పోట్లాటకి బయటికొస్తుంది. చాలామంది గైడ్లు చేసే పనే. నేను జేబులో వేసుకున్నాను. బాండా అది చూశాడు.

“రేపు ఇంకో చోటికి తీసుకెళ్తాను. నా ఊరి వెనక ఉంది. అక్కడికి నేను ఎవర్నీ తీసుకెళ్లను” అన్నాడు. “అది లేకుండా వస్తేనే” అని నా జేబు వైపు చూపించాడు.

వెళ్లి రికార్డరు పొడుగాయనకి ఇచ్చేశాను. ఒకవేళ మూడో రోజు కూడా పిట్ట కనిపించకపోతే సిస్టర్‌కి ఏం జవాబు చెప్పాలో నాకు తెలియలేదు. అయినా ఇచ్చేశాను. గూడు కట్టుకునే వేళలో దాన్ని మోసం చేసి బయటికి లాగితే, కనిపించేది ఆవిడ చూడాలనుకున్న పిట్ట కాదు.

మూడో ఉదయం పది గంటలకల్లా విమానం కోసం బయల్దేరాలి. మిగతా నలుగురూ తామే చెప్పారు, మేం బండి దగ్గర ఉంటాం, మీరు ముగ్గురూ వెళ్లండని. బాండా ముందు, సిస్టర్ మధ్య, నేను వెనక. చినుకులు పడుతున్నాయి. నేను కళ్లు మూసుకుని విన్నాను. ప్ర్‌ర్‌ప్ అని, కప్ప గొంతు సవరించుకున్నట్టు ఒక కూత. వేలితో చూపించాను. బాండా తల ఊపి, మోకాళ్ల మీద కూర్చుని, పొద అడుగున అడ్డమొచ్చిన ఆకుల్ని పక్కకి జరిపాడు. పళ్లెమంత సందు. నడుము కంటే కిందికి ఉంది. దానికి అవతల ఎక్కడో కొమ్మ, కొమ్మ మీద పిట్ట. అతను వెనక్కి జరిగి సిస్టర్‌కి చోటిచ్చాడు.

ఆవిడ వంగబోయారు. మోకాలు వంగలేదు. నడుం వంచితే బైనాక్యులర్ ముళ్లకి తగిలి ఆకులు కదిలాయి. కూత ఆగిపోయింది. ఆవిడ కదలకుండా నిలబడి కళ్లు మూసుకున్నారు. కాసేపటికి మళ్లీ కూసింది.

నేను ఆవిడ పక్కన బురదలో చేతులూ మోకాళ్లూ ఆనించి వంగాను.

“నా ఈపు మీద కూసోండ్రి సిస్టర్” అన్నాను గుసగుసగా.

“ఛ, అదేం పని గంగారాం. లే.”

“సెంట్రింగ్ పలకలు మోసిన ఈపు ఇది. మీరేం బరువు గాదు. కూసోండ్రి, అది ఎగిరిపోతది.”

ఆవిడ కూర్చున్నారు. బరువే. నా మొహానికి జానెడు దూరంలో తడి ఆకులు, వాటి మీద నా వేలంత లావు రోకలిబండ పురుగు ఒకటి మెల్లగా పోతోంది. నాకు కనిపించింది అదే. తల పక్కకి తిప్పితే వీపు కదులుతుంది. వీపు కదిలితే బైనాక్యులర్ కదులుతుంది. నేను ఊపిరి కూడా చిన్నగా తీసుకున్నాను. ప్ర్‌ర్‌ప్. కాసేపాగి మళ్లీ ప్ర్‌ర్‌ప్. పైనుంచి ఆవిడ గొంతు, డ్యూటీ మారేటప్పుడు రోగి సంగతి తర్వాతి నర్సుకి చెప్పినట్టు, ఒక్కో మాటా స్పష్టంగా.

“కొమ్మ మీదుంది. పొట్ట ఎర్రగా ఉంది. ఎగిరి మళ్లీ అక్కడే వాలింది. రెక్క విప్పితే నీలం.” మళ్లీ కూత వచ్చింది. తర్వాత, “బతికుంది గంగారాం” అన్నారు.

నా మెడ మీద పడ్డవి చినుకులో ఏమో నేను అడగలేదు. ఆవిడ ఎంతసేపు చూశారో కూడా తెలియదు. వాన పెద్దదయ్యాక కూత ఆగింది. బాండా ఆవిడని లేపాడు. నేను లేచి సందులోకి చూసేసరికి కొమ్మ ఖాళీగా ఉంది. సిస్టర్ నా మొహం చూసి జరిగింది గ్రహించారు.

“నువ్వు చూళ్లేదు కదూ” అన్నారు. “నన్ను లేపాల్సింది.”

“మీకు సూపియ్యనికే వచ్చిన సిస్టర్” అన్నాను.

ఆవిడ తన కొంగుతో నా మొహం మీద బురద తుడిచారు. బాండా దూరంగా చూస్తూ నిలబడ్డాడు.

డేరాలో

తిరిగొచ్చిన మర్నాడు ఆఫీసుకి వెళ్లాను. మేథ్యూ సార్ కుర్చీలో కూర్చుని ఏవో టికెట్లు చూసుకుంటున్నారు. రేగడిలో బండి దింపిన సంగతి, బాండా మీద పెట్టిన అబద్ధం సంగతి నేనే ముందు చెప్పాను. గాడిద అన్నారు. నిజమే.

“ఔర్ పిట్టా? దేఖా?” అని అడిగారు, తలెత్తకుండానే. ఆయనా పదిహేనేళ్లుగా ఆ పిట్ట కోసం తిరుగుతున్న మనిషే.

“నహీ సార్” అన్నాను. “దిఖాయా.” చూడలేదు, చూపించాను.

ఎవరికి, ఎలా అని అడిగితే చెప్పాను, వీపు సంగతితో సహా.

మేథ్యూ సార్ టికెట్లు బల్ల మీద పెట్టారు. కుర్చీ వెనక్కి జరిపి లేచారు. ఆరేళ్లలో ఆయన నా ముందు లేచి నిలబడింది ఆ ఒక్కసారే.